మోతుబరి నడిచిన హద్దు

మొన్న మండలాఫీసు ఎదురుగా టీ తాగుతుంటే కొత్తగా ఉద్యోగంలో చేరిన సర్వేయరు అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. నేను ఆ శాఖలోనే చేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. పాత పంచనామా ఒకటి ఫోనులో ఫొటో తీసుకుని తెచ్చింది.

"సార్, ఇందులో 'గ్రామ మోతుబరుల సమక్షమున హద్దులు చూపబడినవి' అని ఉందండి. మోతుబరి అంటే బాగా డబ్బున్నవాళ్ళే కదా? హద్దు చూపించడానికి డబ్బున్నవాళ్ళెందుకు సార్?"

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నీరసం కూడా వచ్చింది. ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాను మరి. టీ చల్లారేలోపు చెప్పే సంగతి కాదని ఇంటికొచ్చి రాస్తున్నాను. ఆ అమ్మాయి చదువుతుందో లేదో తెలియదు. చదవకపోయినా పోయేదేం లేదు, నాకెలాగూ పొద్దు పోవడం లేదు.

నేనెప్పుడు చేరానో, ఎన్ని ప్రమోషన్లు వచ్చాయో, ఏ ఆఫీసరు నన్ను ఎక్కడికి విసిరేశాడో ఇక్కడ రాయను. అవన్నీ ఏ గవర్నమెంటు ఉద్యోగంలోనైనా ఒకటే. నిజంగా ఈ పని ఏమిటో చెబుతాను. మీరనుకుంటున్నట్టు ఇది భూమిని కొలిచే పని కాదు. ఇద్దరు మనుషులు కొట్టుకు చచ్చే చోట మధ్యలో నిలబడే పని. భూమి ఎక్కడికీ పోదు, దాన్ని ఎవరైనా కొలుస్తారు.

దక్షిణామూర్తి గారి చీవాట్లు

నా మొదటి ఆఫీసరు దక్షిణామూర్తి గారు. సన్నటి మనిషి, ఎప్పుడూ తడిగుడ్డ మెడలో వేసుకునేవారు. నోరు మాత్రం బహు చెడ్డది. చేరిన కొత్తలో పాలకొల్లు పక్క ఊరికి కొలతకి తీసుకెళ్ళి, "ఊళ్ళోకెళ్ళి ఇద్దరు మోతుబరుల్ని పట్టుకురా, పంచనామా మీద సంతకం పెట్టాలి" అన్నారు.

నేను వెళ్ళి ఊళ్ళో ఉన్న రెండు పెద్ద డాబాల వాళ్ళనీ బతిమాలి తీసుకొచ్చాను. ఇస్త్రీ పంచెలు, చేతికి ఉంగరాలు. ఎండలో వాళ్ళకి గొడుగు పట్టుకుని మరీ తెచ్చాను. దక్షిణామూర్తి గారు వాళ్ళకి దణ్ణం పెట్టి, "అయ్యా, ఈ చేనుకి తూర్పు హద్దు ఎక్కడుందండి?" అని అడిగారు. ఒకాయన పడమటి వైపు చూశారు. రెండో ఆయన, "మా పాలికాపుని పిలిపించమంటారా?" అన్నారు. ఇద్దరూ ఆ చేలో కాలు పెట్టి ఎన్నాళ్ళయిందో వాళ్ళకే తెలియదు.

వాళ్ళు వెళ్ళాక దక్షిణామూర్తి గారు నా మీద పడ్డారు.

"మోతుబరి అంటే ఎవడ్రా?"

"డబ్బున్న ఆసామి అండి."

"నీ మొహం. నమ్మదగినవాడు అని దాని అర్థం. మన మాట కాదది. నవాబుల కాలంలో కచేరీల్లోంచి వచ్చింది. తాలూకా, తహసీలు, జమాబందీ ఎలా వచ్చాయో అలాగే. అరబ్బీలో ముతబర్ అంటే, ఎవడి మాట చెల్లుతుందో వాడు. ఊళ్ళో ఎవడి మాట చెల్లుతుందో కనుక్కుని వాణ్ణి తీసుకురమ్మంటే, ఎవడి కొంప పెద్దదో చూసి తీసుకొచ్చావు."

నోరు మూసుకుని మళ్ళీ ఊళ్ళోకి వెళ్ళాను. ఈసారి డాబాల వైపు చూడలేదు. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళని, "మీకు తగువొస్తే ఎవరి దగ్గరికి వెళతారండి?" అని అడిగాను. రిటైరైన పోస్టుమాస్టరు పేరొకటి, పాలు పోసే ఆవిడ పేరొకటి చెప్పారు. ఆవిణ్ణి పంచనామాకి తీసుకెళ్ళడమేంటని నేను తటపటాయిస్తుంటే ఆవిడే ముందు నడిచింది.

మాట ఎలా జారింది

నమ్మకస్తుడికి పుట్టిన మాట డబ్బున్నవాడికి ఎలా పోయింది? దీని మీద నేను పుస్తకాలేం చదవలేదు. దక్షిణామూర్తి గారు చెప్పింది, నేను చూసింది కలిపి చెబుతున్నాను. తప్పుంటే చదువుకున్నవాళ్ళు దిద్దండి.

సర్కారుకి ఊళ్ళో ఎవరో ఒకరి మాట కావాలి. శిస్తుకి పూచీ, దొంగతనానికి సాక్ష్యం, హద్దుకి గుర్తు, అన్నిటికీ మనిషి కావాలి. అయితే పై ఊరి నుంచి గుర్రమెక్కి వచ్చిన అధికారికి ఎవరి మాట మంచిదో ఎలా తెలుస్తుంది? తెలియదు. ఎవరి ఆస్తి ఎంతో మాత్రం తెలుస్తుంది. మాట తప్పితే ఆస్తి జప్తు చేసుకోవచ్చు కదా. అందుకని ఆస్తి ఉన్నవాణ్ణే నమ్మడం మొదలెట్టారు. కొన్నాళ్ళకి నమ్మదగినవాడంటే ఆస్తి ఉన్నవాడే అయిపోయాడు. ఇంకొన్నాళ్ళకి నమ్మకం సంగతి అందరూ మర్చిపోయారు, ఆస్తి మిగిలింది. ఇప్పుడు సినిమాల్లో మోతుబరి అంటే మీసం మెలేసి మనుషుల్ని కొట్టించేవాడు.

ఆసామి మాటా అంతేనట. మొదట్లో కచేరీ లెక్కల్లో పేరున్న మామూలు రైతు. ఇప్పుడు "పెద్ద ఆసామి" అంటే లేచి నిలబడతాం. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, మాట దానంతటదే డబ్బు వైపు జారిపోయింది. నా ఉద్యోగంలో మనుషులు జారడం కూడా ఇలాగే చూశాను. దాని గురించి రాయాలంటే ఓపిక లేదు. ఒక్క సంగతి మాత్రం రాయాలి.

సత్తెమ్మ అడిగిన మనిషి

పాలకొల్లు దాటి కిందికి వెళితే గోదారి పాయ ఒడ్డున ఒక ఊరుంది. పేరు రాయను, కేసు ఇంకా నడుస్తోంది. ఏటి ఒడ్డున చేపలు పట్టుకునే వాళ్ళ ఇళ్ళు. ఇళ్ళకీ ఏటికీ మధ్య పొడుగాటి నేల ముక్క. పడవలు దాని మీదికే లాగుతారు, వలలు దాని మీదే ఆరేస్తారు, చేపలు దాని మీదే ఎండబెడతారు. ఆ ముక్క లేకపోతే వాళ్ళకి ఏరున్నా లేనట్టే. ఆ పక్కనే వీరభద్రం గారి భూమి. ఆయన తండ్రి బియ్యం వ్యాపారం చేసి కొన్నది. ఆయన కొడుకు శ్రీనివాస్ దాన్ని రొయ్యల చెరువులు చేశాడు.

ఒక ఏడాది వరదకి హద్దురాళ్ళు కొట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక శ్రీనివాస్ చెరువుగట్టు ఏటివైపుకి జరిపి కట్టేశాడు. ఆ నేల తమదేనన్నాడు. అడ్డమొచ్చిన వలకర్రలు పీకించేశాడు. కొట్లాటయింది, పోలీసులొచ్చారు, తర్వాత నన్ను పంపారు.

వెళ్ళి కొలిచాను. పాత పటం ప్రకారం రెండు చోట్ల నుంచి కొలవచ్చు. మూడు ఊళ్ళు కలిసే చోట ఉన్న రాయి నుంచి కొలిస్తే నేల చేపలు పట్టేవాళ్ళది. కాలవ తూము నుంచి కొలిస్తే శ్రీనివాస్‌ది. రాయి వరదలో ఒరిగింది, తూమేమో ఎప్పుడో తిరిగి కట్టారు. రెండూ నమ్మడానికి లేదు. మీరు ఇప్పుడు చేతిలో మిషను పట్టుకుని ఉపగ్రహాన్ని అడుగుతున్నారు, బాగానే ఉంది. కానీ హద్దు మొదట ఎక్కడ ఒప్పుకున్నారో ఉపగ్రహానికి తెలియదు కదమ్మా. అది మనుషులకే తెలుస్తుంది.

సత్తెమ్మ ఆ ఇళ్ళకి పెద్ద. చేపల గంప మోసి మోసి మెడ కొంచెం కిందికి దిగిపోయింది, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకి వినిపిస్తుంది. నేను ఎటూ తేల్చలేక నిలబడితే, "నడిపించండి బాబూ" అంది.

నడవడమంటే ఏంటో మీకు తెలియదు, చెబుతాను. ఆ పక్క ఊళ్ళల్లో హద్దు ఎటూ తేలకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మనిషిని ఎంచుకుంటారు. ఆ మనిషి ఏట్లో మునిగి, తడిబట్టలతో, ఒట్టి కాళ్ళతో, ఆ నేల మట్టి గుప్పిట్లో పట్టుకుని హద్దు వెంట నడుస్తాడు. మట్టి వదిలేదాకా ఎవరూ ఆయన్ని పలకరించకూడదు, ముట్టుకోకూడదు. వెనకాల ఒకడు పారతో గీత గీస్తూ వెళతాడు. ఇక అదే హద్దు. రూల్సులో ఇది ఎక్కడా లేదు. అయినా దక్షిణామూర్తి గారు, "కొలత తేలనప్పుడు నడకని చూడు, తర్వాత దాన్ని కొలిచి రాసుకో" అనేవారు.

"సరేనమ్మా, ఎవరు నడవాలి?" అన్నాను.

"వీరభద్రం గారు."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ కొడుకైతే, "నీకేమన్నా మతిపోయిందేటమ్మా? ఆళ్ళ భూమికి ఆయన్నే నడవమంటావేటి?" అని అరిచాడు. అవతలి పక్షం వాణ్ణే నడవమనడం నేనూ ఎక్కడా వినలేదు.

"రాళ్ళు పాతిననాడు ఆయన నిక్కరేసుకుని ఇక్కడే ఆడుకుంటన్నాడు. నేనూ ఉన్నాను. ఆయనకి తెలుసు. తెలిసినోడే నడవాలి" అంది సత్తెమ్మ. తర్వాత వీరభద్రం గారి వైపు తిరిగి, "తవరు ఊరికి మోతుబరి కదండీ. తవరెటు నడిస్తే అటే. మేం మళ్ళీ నోరెత్తం" అంది.

శ్రీనివాస్ మొహం వెలిగిపోయింది. "ఆయ్, ఒప్పుకున్నాం సార్, రాసుకోండి" అన్నాడు. వీరభద్రం గారిని చూసి నాకు జాలేసింది. ఆవిడ ఆయన కాళ్ళ మీద పడలేదు, తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అన్నీ ఆయన చేతిలో పెట్టేసింది, అంతే.

నడక

ఆయన చొక్కా విప్పి, వాచీ తీసి నా చేతికిచ్చి ఏట్లోకి దిగారు. మునిగి లేచి వచ్చారు. పంచె కాళ్ళకి అతుక్కుపోయింది. ఊళ్ళో పెద్దమనిషిని అలా చూడ్డం ఎవరికీ అలవాటు లేదు. గుప్పెడు మట్టి తీసుకుని, ఒరిగిపోయిన రాయి దగ్గర మొదలెట్టారు.

మొదట్లో అంతా తిన్నగానే ఉంది, అక్కడ తగువు లేదు. కొంత దూరం వెళ్ళాక తుమ్మ మోడు ఒకటి ఉంది. అక్కడి నుంచి ఎడమకి తిరిగితే ఏటివైపు, అంటే నేల కొడుక్కి. తిన్నగా వెళితే కొత్త చెరువులోకి, అంటే నేల సత్తెమ్మ వాళ్ళకి. ఆయన ఆ మోడు దగ్గర ఆగారు. చాలాసేపు ఆగారు. ఒంటి మీద నీళ్ళు కారి ఆగిపోయాయి. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పలకరించకూడదని తెలిసి కూడా శ్రీనివాస్ ఉండబట్టలేకపోయాడు. "నాన్నా, ఎడమకండి" అన్నాడు.

ఆయన వినిపించుకోలేదు. గట్టెక్కి, అవతలికి దిగి, చెరువులోకి నడిచారు. మోకాళ్ళ దాకా, నడుం దాకా. రొయ్యలు చిటపటమని ఎగిరాయి. పార పట్టుకున్నవాడు ఏం చెయ్యాలో తెలియక గట్టు మీదే ఉండిపోయాడు. ఆయన తలొంచుకుని, తన చెరువుకి అడ్డంగా, తిన్నగా నడిచి అవతలి గట్టెక్కి అక్కడ మట్టి వదిలేశారు.

"ఇదండి" అన్నారు.

సత్తెమ్మ ఏడ్చింది. నా ఉద్యోగంలో అలాంటిది మళ్ళీ చూడలేదు. ఆ గీత కొలిచాను, పంచనామా రాశాను, రాళ్ళు పాతించాను. పంచనామాలో "గ్రామ మోతుబరి" అని రాసేటప్పుడు దక్షిణామూర్తి గారు గుర్తొచ్చారు. ఈసారి సరైన మనిషినే తెచ్చాను సార్ అనుకున్నాను.

బుద్ధున్నవాడు

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. పత్రికలకి పంపే వాళ్ళెవరైనా ఇక్కడే ఆపుతారు. మీరు ఈ ఉద్యోగంలోకి వచ్చారు కాబట్టి తర్వాతేం జరిగిందో కూడా తెలుసుకోవాలి.

నెల తిరక్కుండా శ్రీనివాస్ కోర్టుకెళ్ళాడు. తన తండ్రికి కొంతకాలంగా మతిస్థిమితం లేదనీ, ఆయన చూపిన హద్దు చెల్లదనీ. ఎవరో డాక్టరు చేత సర్టిఫికెట్టు కూడా పుట్టించాడు. రాళ్ళు పీకించి ఆ నేల చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. కోర్టు ఉన్నది ఉన్నట్టు ఉంచమంది. అప్పటికి ఉన్నది కంచె. దాంతో కంచె ఉండిపోయింది. సత్తెమ్మ వాళ్ళు పడవల్ని దిగువన బురదలోకి లాక్కోవడం మొదలెట్టారు. కొందరు పడవలమ్మేసి కాకినాడ హార్బరులో కూలికి పోయారు.

నన్ను సాక్ష్యానికి పిలిచారు. శ్రీనివాస్ తరఫు లాయరు తెలివైనవాడు.

"సర్వేయరు గారూ, బుద్ధున్నవాడెవడైనా తన చెరువు తానే పోగొట్టుకుంటాడా?"

"బుద్ధున్నవాడే పోగొట్టుకుంటాడండి" అన్నాను.

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు అడిగినదానికి మాత్రమే చెప్పమన్నారు. లాయరుకి కావలసిన నవ్వు దొరికింది, ఆయన కూర్చున్నాడు.

బయట చెట్టుకింద వీరభద్రం గారు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆయన్ని లోపలికి పిలవనేలేదు. మతిలేనివాడి సాక్ష్యం ఎవరికి కావాలి? నన్ను చూసి నవ్వారు.

"అబ్బాయి కోర్టుకెక్కుతానన్నాడు, అన్నంత పనీ చేశాడండి. అరవైయేళ్ళు ఈ ఊళ్ళో ఏం చెప్పినా నమ్మారు. నిజం చెప్పింది ఒక్కసారి గట్టిగా, పిచ్చోణ్ణైపోయాను" అన్నారు.

"మీరే కోర్టులో ఎదురు పిటిషను వెయ్యండి" అన్నాను.

"కొడుకు మీదా? ఓపిక లేదండీ" అన్నారు.

ఆయన మీద నాకు కోపం వచ్చింది. నిజం ఒకసారి చెబితే సరిపోదు, చెప్పి దాని వెనక నిలబడాలి కదా. తర్వాత అనుకున్నాను, ఆ వయసులో ఆ ఒక్క నడకే ఎక్కువ. ఈ రెండు మాటల్లో ఏది సరైందో నాకు ఇప్పటికీ తేలలేదు.

మొన్నటి వాయిదా

నేను రిటైరయ్యాక కూడా కేసు అయిపోలేదు. మొన్న వాయిదాకి వెళ్ళి, మళ్ళీ వాయిదా పడితే, మనసొప్పక ఆ ఊరు వెళ్ళాను. శ్రీనివాస్ గట్టు మీద ఎదురొచ్చాడు. జుట్టు నెరిసింది. చెరువులు కూడా మునుపటిలా లేవట, రొయ్యలు తెగులొచ్చి పోతున్నాయట. నన్ను చూసి మొహం తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు.

"నాన్నకి ఇప్పుడు నిజంగానే ఏం గుర్తుండట్లేదు సార్. అప్పుడు నేను రాయించిందే నిజమైపోయింది. నా పేరు కూడా గుర్తులేదండి" అన్నాడు.

తగిన శాస్తి అనాలని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి మింగేశాను.

సాయంత్రం వీరభద్రం గారు ఇంట్లోంచి ఒక్కరే వచ్చారు. చిక్కిపోయారు. మమ్మల్ని చూడలేదు. తిన్నగా రేవులోకి దిగి, మునిగి, తడిపంచెతో ఒడ్డుకొచ్చి గుప్పెడు మట్టి తీసుకున్నారు. "రోజూ ఇంతేనండి. తలుపేస్తే ఏడుస్తున్నారు" అన్నాడు శ్రీనివాస్ మెల్లగా.

ఆయన నడిచారు. తుమ్మ మోడు ఇప్పుడు లేదు. అది ఉండాల్సిన చోట ఆగారు, తర్వాత తిన్నగా గట్టెక్కారు. చెరువులో పనివాళ్ళు ఏరేటరు ఆపేశారు, దారిచ్చారు. వాళ్ళకి అలవాటై ఉంటుంది. నడుం లోతు నీళ్ళల్లోంచి అవతలికి వెళ్ళి, కంచె తగిలేసరికి ఆగిపోయారు. తీగ పట్టుకుని అలాగే నిలబడ్డారు. అవతల వైపు నుంచి సత్తెమ్మ వచ్చింది. ఆవిడా ముసలిదైపోయింది. పలకరించలేదు, ముట్టుకోలేదు, ఊరికే నిలబడింది. ఆయన గుప్పిట విప్పి మట్టి వదిలాక అప్పుడు కంచె సందులోంచి ఇవతలికి దూరి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడేనా అండీ?" అంది.

"ఇక్కడే" అన్నారాయన. ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "నేనెవర్నమ్మా?" అని అడిగారు.

"తవరా? తవరు మా మోతుబరి గారండి. పదండి, చలేస్తది."

ఆయన తలూపి ఆవిడ వెంట నడిచారు. శ్రీనివాస్ అక్కడే నిలబడిపోయాడు. కంచె మాత్రం ఈ రోజుకీ అలాగే ఉంది.

అమ్మాయీ, నువ్వడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇది. వాయిదా వచ్చే నెల ఉంది, నేను వెళతాను.